కృపక్క ఇంట్లో ఆరు మూటలు

కృపక్క రేషన్ బియ్యం అమ్ముకుంటుందని మా వాడలో ఒక మాట లేచింది. తెల్లారేసరికి లాల్‌సింగ్ ఆటో ఆమె గుమ్మం ముందు ఆగుతుందట. మూటలు ఎక్కించుకొని బీర్కూర్ రోడ్డు పట్టుకుంటుందట. ఆ పైసలతోనే ఆమె పదకొండు మందికి ఆదివారం కోడికూర, నడుమ ఒకరోజు గుడ్లు పెడుతుందట. "లేకుంటే యాడికెల్లి పెడ్తది?" అని అడిగేవాళ్లు. దానికి జవాబు ఎవరి దగ్గరా లేదు. అందుకే ఆ మాట నాలుగు రోజుల్లో వాడంతా తిరిగింది.

ఆ మాట నా నోటి నుంచి మొదలైంది. అంత మాట నేను అనలేదు. నేను అన్నది ఒక్క ముక్కే. అది చెప్పేముందు కృపక్క గురించి చెప్పాలి.

మా ఇంటికీ వాళ్ల ఇంటికీ నడుమ ఛాతీ ఎత్తు గోడ. రెండిళ్ల వంటలూ వెనకాల రేకుల కిందే. గోడకు ఇవతల నా పొయ్యి, అవతల ఆమె పొయ్యి. నాకు మాట్లాడటం రాదు, చూడటం వచ్చు. పదో తరగతి పరీక్షలకు రెండు నెలల ముందు అమ్మ పోయింది. బాపు బస్టాండు దగ్గర తోపుడు బండి మీద అరటిపండ్లు అమ్ముతాడు. తమ్ముడు అఖిలేశ్ అప్పుడు చిన్నోడు. నాయినమ్మ సత్యమ్మకు చూపు ఆనదు. ఎవరో ఒకరు వండాలి. అట్లా నా బడి ఆగిపోయింది. ఆరేళ్లుగా నలుగురికి వండుతున్నాను, నలుగురిలో ఒక్కరు కూడా బాగుందన్నది లేదు.

కృపక్కది మహమ్మద్ నగర్ దగ్గర పల్లె. పద్దెనిమిదేళ్లకు ఈ ఇంటికి పెద్దకోడలుగా వచ్చింది. ఆమె భర్త నర్సింలు బావ రైస్ మిల్లులో హమాలీ. వాళ్లకు ముగ్గురు పిల్లలు. మరిది బాలరాజ్ చెరుకు కొట్టడానికి పోతాడు. అతనికి భార్య, ఇద్దరు పిల్లలు. మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ ఒకామె. నోట్లో పండ్లు లేని అత్త సమ్మవ్వ. అందరూ ఒక్క పొయ్యి మీద తింటారు. మొగవాళ్లిద్దరికీ పని ఉన్న రోజు ఉంటుంది, లేని రోజు ఉండదు. అయినా ఆ ఇంట్లో పిల్లలు పళ్లెం ముందు ఏడవడం నేను వినలేదు. నేను వినాలని చూసేదాన్ని.

ఆమె అంగడికి అందరూ పోయే వేళకు పోదు. గంపలు ఎత్తే వేళకు పోతుంది. టమాటలు ఎవరూ అడగని రోజుల్లో గంపెడు తెచ్చి, చక్రాలు కోసి, రేకుల మీద పాత చీర పరిచి ఎండబెడుతుంది. వంకాయలూ అంతే. వానాకాలంలో టమాట ధర విని మేమంతా చింతపండు నానబెట్టుకుంటుంటే, ఆమె డబ్బాలోంచి గుప్పెడు వరుగులు తీసి పప్పులో వేస్తుంది. పప్పు కూడా రెండు గుప్పిళ్లే. మిగతాదంతా సొరకాయ, పుంటికూర. కానీ పోపు వేసినప్పుడు వెల్లుల్లి ఎంత ఎర్రగా వేగిస్తుందంటే, గోడ ఇవతల మా నాయినమ్మ తల ఎత్తేది.

"ఏం చేసిందే కృప ఇయ్యాల?"

"పప్పే అవ్వా."

"మనదీ పప్పేనా?"

"ఆ."

"మరి మనదెందుకు వాసన రాదు?"

కూర గిన్నె ఆమె ఎప్పుడూ నడుమ పెట్టదు. తనే వడ్డిస్తుంది. ఆదివారం కోడి తెస్తే పల్లీలు, నువ్వులు వేయించి నూరి శేర్వ చిక్కగా చేస్తుంది. ముందు జొన్నరొట్టె ముక్కలు శేర్వలో వేసి అందరికీ పెడుతుంది. సగం ఆకలి దానితో తీరినాక అన్నం, దాని మీద ముక్కలు. ఎవరి పళ్లెంలో చూసినా ముక్క ఉంటుంది. ఇదంతా నేను పొగడటానికి రాయడం లేదు. ఇదంతా చూసి చూసి, ఒకరోజు మా ఇంట్లో కూడా ముందు శేర్వ పోశాను. అఖిలేశ్ పళ్లెంలోకి వంగి చూశాడు.

"అక్కా, ముక్కలు ఎవలకు దాస్తున్నవ్?"

బాపు నవ్వాడు. నాకు గరిటె విసిరేయాలనిపించింది. టమాట వరుగులు కూడా పెట్టి చూశాను. ముసురు పట్టి, రెండో రోజుకే తెల్ల బూజు పట్టినయి.

ఇంటర్ చదివే అఖిలేశ్ సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి సంచి పడేసి మాయమయ్యేవాడు. నేను పళ్లెం పెడితే, "తినొచ్చిన అక్కా" అనేవాడు.

"యాడ?"

"కృపక్క పిలిచింది."

"పిలిచిందా, నువ్వే పోయి నిలవడ్డవా?"

"నిలవడ్డ. గప్పుడు పిలిచింది."

పదకొండు మంది తినే కాడ పన్నెండోవాడు పట్టినప్పుడు, నలుగురున్న ఇంట్లో ఒకడు ఎందుకు నిలవడు? ఈ ప్రశ్న నన్ను నిద్ర లేచింది మొదలు తినేది. ఆమెను అందరూ ఎందుకు మెచ్చుకోవాలి? ఆమెకు పెద్ద అందమూ లేదు, నాకన్నా చదువూ తక్కువే. పొయ్యి ముందు కూర్చుని సన్నగా చర్చి పాట పాడుకుంటూ రొట్టె తట్టేది. ఆ చప్పుడుకే నాకు ఒళ్లు మండేది.

పెత్రమాస వచ్చింది. చనిపోయిన పెద్దల పేరు మీద వండి పెట్టే అమావాస్య అది. అమ్మ కోసం ఆ రోజు చిన్నాయినలు ఇద్దరూ, మేనత్తా పిల్లలతో వచ్చారు. మేనత్త ముందు బాగా వండాలని వారం నుంచి అనుకుంటున్నాను. కూరలు రెండు కుదిరినయి. అన్నానికి రేషన్ సన్నబియ్యం పెద్ద గంజులో ఎసరు పెట్టాను. అమ్మ చెప్పిన కొలత, ఒకటికి రెండు. ఆ కొలత అమ్మ నేర్పినప్పుడు మేం దుకాణంలో పాత బియ్యం కొనేవాళ్లం. ఇవి మొన్న మొన్న మర పట్టిన కొత్త బియ్యం. కొత్త బియ్యానికి నీళ్లు తక్కువ పోయాలని అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ ఆ రోజు చెయ్యి అమ్మ కొలతకే పోయింది.

మూత తీస్తే అన్నం లేదు. ఒకటే ముద్ద. అడుగు మాడింది.

మేనత్త గరిటెతో కదిపి చూసింది. "బువ్వనా పిల్లా, గోడకు పూసే మట్టా?"

బాపు లేచాడు. ఒక ఖాళీ గంజు తీసుకొని బయటికి నడిచాడు. వచ్చేటప్పుడు గంజు నిండా అన్నం ఉంది. పొగలు వస్తున్నాయి, మెతుకు మెతుకు విడిగా ఉంది.

"ఎవలింటిది?" అన్నది మేనత్త.

"పక్కింటిది."

"వాళ్లు చర్చికి పోయేటోళ్లు గదరా. పెద్దల దినం నాడు..."

"నీకు ఆకలైందా లేదా అక్కా?"

ఆకలైంది. రెండుసార్లు పెట్టించుకుంది. "నెయ్యి లేకున్నా దిగుతుంది" అని కూడా అన్నది. అందరూ కృపక్క అన్నమే తిన్నారు. అమ్మ ఫోటో ముందు పెట్టింది మాత్రం నా ముద్ద. అమ్మ ఒక్కతే ఏమీ అనలేదు.

సాయంత్రం గంజు తిరిగి ఇవ్వడానికి నేనే పోవాల్సి వచ్చింది. ఖాళీగా ఇవ్వొద్దని నాలుగు అరటిపండ్లు వేసుకొని పోయాను. కృపక్క లోపలి అర్రలో ఉంది. గోడకు ఆరు మూటలు పేర్చి ఉన్నాయి. ఒక్కో మూట మీద సుద్దముక్కతో నెల పేరు రాసి ఉంది. ఆమె ఒక దాని మూతి విప్పి వేపాకు వేస్తుంది.

"వందనా, కొత్త బియ్యం గదా, నీళ్లు తగ్గియ్యాలె" అన్నది.

"తెలుసు" అన్నాను.

"నేనైతే మూడు నాలుగు నెలలు ముట్టనే ముట్ట. పాతబడితే ఒదుగుతయ్. ఒక గిలాస పోస్తే గిలాసన్నర లెక్క గంజు నిండుతది. మొన్న వానలకు ముందు మూడు నెలలయి ఒకటేసారి ఇచ్చిన్రు సూడు, గవే ఇప్పుడు వంటకు దించిన."

"గన్ని దినాలు ఏం తిన్నరు మరి?"

"నూకలు. మీ బావ మిల్లుల తక్కువకు ఇస్తరు, లాల్‌సింగన్న ఆటోల ఏస్కొస్తడు. పొద్దుగాల రొట్టె, మాపటికి నూకల బువ్వ. కొన్ని పాత బియ్యం పట్టుకపో, నీళ్ల లెక్క చూపిస్త."

"వద్దు" అని గంజు అక్కడ పెట్టి వచ్చేశాను. ఆమె అరటిపండ్లు చూసి పిల్లలను పిలుస్తుంటే వినబడింది. నాలుగు పండ్లు, అయిదుగురు పిల్లలు. ఎట్లా పంచిందో చూడటానికి కూడా నేను ఆగలేదు.

మర్నాడు నల్లా దగ్గర ముత్తవ్వ కలిసింది. ముత్తవ్వ మా వాడకు పెద్దది, ఆమెకు తెలియంది ఉండదు.

"ఏందే పిల్లా, నిన్న మీ బాపు గంజు పట్టుకొని ఉరుకుతుండె? నువ్వు వండలేదా?"

బిందె సగమే నిండింది. నేను దాని వైపే చూస్తూ అన్నాను: "వాళ్లింట్ల ఆరు మూటల బియ్యం ఉన్నయ్ అవ్వా."

"ఆరా?"

"ఆరు."

అంతే అన్నాను. వేపాకు సంగతి చెప్పలేదు, సుద్దముక్క సంగతి చెప్పలేదు. పాతబడటానికి పెట్టుకుందని నాకు తెలుసు, అదీ చెప్పలేదు. నిండకముందే బిందె ఎత్తుకొని వచ్చాను. నూకలు తెచ్చే ఆటో రెండు రోజుల్లో బియ్యం మోసుకపోయే ఆటో అయింది. అది మాత్రం నేను చేయలేదు. నేను చేయాల్సిన పని కూడా లేకపోయింది.

మాట వాళ్ల ఇంటికి చేరింది. సమ్మవ్వ గుమ్మంలో నిలబడి ఎవరి పేరూ పెట్టకుండా తిట్టింది. బాలరాజ్ భార్య, "కార్డు కొట్టేస్తరట అక్కా, ఇగ పిల్లలకు ఏం పెడ్తం?" అని ఏడ్చింది. కృపక్క పిండి కలుపుకుంది. పాట మాత్రం పాడలేదు. ఆ ఆదివారం కోడి తేలేదు. పచ్చిపులుసు చేసింది, దానికి వాసన ఉండదు. నాకు సంతోషమైంది, కొంచెం. ఆ సాయంత్రం అఖిలేశ్ ఇంట్లోనే తిన్నాడు. తలవంచుకొని తిన్నాడు. నేను కోరుకున్నది అదే, కానీ అట్లా కాదు.

మంగళవారం పొద్దున పదింటికి రేషన్ బియ్యం తనిఖీ చేసే సార్లు ఇద్దరు బండి మీద వచ్చారు. మొగవాళ్లు పనికి పోయారు. ఆరు మూటలూ వాకిట్లోకి తీయించారు. కార్డు తెమ్మన్నారు. వాడ ఆడవాళ్లంతా మూగారు. నేను గోడ వెనక నిలబడ్డాను.

"బియ్యం బయటికి పోతుంటే ఎవలన్న చూసిన్రా?" అని పెద్ద సారు అడిగాడు.

"గీ పిల్లనే సార్" అని ముత్తవ్వ నా వైపు చెయ్యి చూపింది. "గోడ అవతలున్న పిల్ల. ఆరు మూటలని ఈమెనే చెప్పింది."

కృపక్క నా వైపు తిరిగింది. అప్పటిదాకా ఆమెకు తెలియదు. ఆమె ముఖంలో కోపం లేదు. ఒక్కసారి నన్ను మొత్తంగా చూసింది, నేను ఇన్నేళ్లూ ఆమెను చూసినట్టు.

"ఏమ్మా, చూసినవా?"

ఒక్క తల ఊపితే చాలు, గోడ అవతల పొయ్యి చల్లబడుతుంది. ఇంట్లో అందరూ నా వంటే తింటారు. ఆ ఆలోచన నాకు వచ్చింది, రాలేదని చెప్పను.

"పోతుంటే చూడలే సార్" అన్నాను. "ఇంట్ల ఉన్నయి చూసిన. పాతబడాలని పెట్టుకున్నది. నాకు చెప్పింది."

"మరి ముందుగాల ఎందుకు చెప్పలే?"

నేను నేల చూశాను. ముత్తవ్వ గొంతు సవరించుకుంది. "అయితే మరి ఆదివారం ఆదివారం కోడి యాడిది సార్? గది అడుగున్రి."

"కిలో కోడి అవ్వా, పదకొండు తలలకు" అన్నది కృపక్క. "నీక్కూడ ఒక ముక్క రావాల్నంటే చెప్పు, ఇంకింత సన్నగ కొట్టిస్త."

ఎవరో నవ్వారు. తరువాత అందరూ నవ్వారు, చిన్న సారు కూడా. పెద్ద సారు నవ్వలేదు. మూటలు విప్పించి వేపాకులు పక్కకు నెట్టి చూశాడు. సుద్దముక్క రాతలు చదివాడు. తూకం వేయించి, కార్డు తెరిచి, పేర్లు ఒక్కొక్కటి పైకి చదవసాగాడు. సమ్మవ్వ. నర్సింలు. కృప. వాళ్ల పెద్దపిల్లలు ఇద్దరు. బాలరాజ్. ఆడబిడ్డ. అక్కడ ఆగి కాగితం వెనక్కి తిప్పి చూశాడు.

"ఇంట్ల ఎంతమంది?"

"పదకొండు సార్. నా చిన్నోడు, మరిది భార్య, వాళ్ల ఇద్దరు పిల్లలు ఇంక ఎక్కలే. అర్జీ పెట్టుకున్నం, ఎదురుచూస్తున్నం."

ఆయన మూటల వైపు ఒకసారి, వాకిట్లో నిలబడ్డ పిల్లల వైపు ఒకసారి చూశాడు. కార్డు మడిచి ఆమె చేతిలో పెట్టి, "లోపల పెట్టుకోమ్మా, వానొచ్చేటట్టుంది" అని బండి ఎక్కాడు.

మా ఇంట్లో నలుగురం, మా కార్డులో నాలుగు పేర్లూ ఉన్నాయి. వాళ్లు పదకొండు మంది. వాళ్ల కార్డులో ఉన్నవి ఏడు పేర్లు.