లక్ష్మణమ్మ చెప్పిన రెండో భాగం

పాతపట్నంలో చంద్రమౌళి కిరాణా కొట్టుకు సగం మంది పప్పూ ఉప్పూ కోసం వస్తే, మిగతా సగం సినిమా కథ కోసం వస్తారు. పొట్లం కడుతూ కథ మొదలుపెడతాడు. ఫైటు దగ్గరికొచ్చేసరికి కాటా మీద చెయ్యి ఆగిపోతుంది. బాగుంటే బాగుందంటాడు, లేకపోతే లేదంటాడు. లేని సీను మాత్రం కలపడు. చూపు మందగించిన తల్లి లక్ష్మణమ్మకు సినిమాలు చెప్పీ చెప్పీ అబ్బిన విద్య అది. టీవీలో వేస్తే ఆవిడ ఒప్పుకోదు. "ఆ గోలేటిరా, కట్టీ. నువ్వే సెప్పు" అంటుంది.

మూడేళ్ల కిందట చెప్పిన ఓ సినిమా ఆవిడను పట్టుకుని వదల్లేదు. ఉప్పుమళ్లలో కూలి చేసే ఓ ముసలామె, ఆమె పెంచుకున్న కొడుకు. గుడిలో దేవుడి కిరీటం దొంగతనంగా తీశాడని ఊరు వాణ్ని తరిమేస్తుంది. ముసలామె పొలిమేర దాకా వచ్చి చద్దిమూట చేతిలో పెట్టి, "తీశావా, లేదా? తిరిగొచ్చాక చెప్పు" అంటుంది. అక్కడితో ఆపి, మిగతాది రెండో భాగంలో అన్నారు. లక్ష్మణమ్మ అప్పట్నుంచీ ఆ జవాబు కోసమే కాచుకుంది. కంటి ఆపరేషన్ మాటెత్తినా, "ముందు ఆడేటి సెప్తాడో ఇననీరా" అనేది.

రెండో భాగం విడుదలైన రోజు కొట్టు భార్య అనూరాధకు అప్పగించి, స్నేహితుడు శివాజీతో కలిసి శ్రీకాకుళంలో మార్నింగ్ షో చూశాడు చంద్రమౌళి.

"హెలికాప్టర్లు మాత్రం అదిరిపోనాయి బావా!" అన్నాడు శివాజీ తిరుగు బస్సులో.

చంద్రమౌళి ధ్యాసంతా ముసలామె మీదే ఉంది. తెర మీద పేర్లు పడ్డాయో లేదో ముసలామెను లారీ గుద్ది చంపేసింది. హీరోకు కోపం రావాలి కదా. ఆ కోపంతో వాడు దేశాలన్నీ తిరిగి ఓడలు పేల్చాడు. చివర్లో మూడో భాగం ఉందన్నారు.

"అమ్మకి ఏటి సెప్పాల్రా?"

"నీకు తోసింది సెప్పీ. ఆవిడేటి, వచ్చి సూస్తాదా?"

ఇంటికొచ్చేసరికి లక్ష్మణమ్మ మొహం కడుక్కుని, తల దువ్వించుకుని, వీధి గదిలో కూర్చుని ఉంది.

"తిరిగొచ్చేడా?"

"వచ్చేడమ్మా. వచ్చి, ముసలమ్మ కాళ్ల మీద పడి..."

"ఆగరా మౌళీ. ఎప్పుడూ ఇద్దరి గొంతులూ నువ్వే పలికిస్తావు. ఇయ్యాల వార్తలు సదివినట్టు సెప్తన్నావేటి? కలుపుతన్నావా?"

చంద్రమౌళి తల దించుకున్నాడు. "ముసలమ్మని సంపీసేరమ్మా. లారీ గుద్దీసింది."

"మరి ఆ మాట?"

"ఆ మాటా లేదు, ఆ మూటా లేదు."

బంధువు పోయిన కబురు ఆలస్యంగా అందినట్టయింది లక్ష్మణమ్మ మొహం.

"అంత డబ్బు తగలేసేరు. ఒక్క మాట సెప్పించలేకపోనారా?"

అనూరాధ కొట్టులోంచి వచ్చి మొగుడి ముందు కంచం పెట్టింది. అతను పొద్దున్నుంచీ ఏమీ తినలేదు.

"తిను. నాను సెప్తాను, ఇను" అంది లక్ష్మణమ్మ. "ఆడు తిరిగొచ్చేడు. అడుగుల సప్పుడుకే ముసల్ది పోల్చుకున్నాది. ఏటీ అడగలేదు. అన్నం పెట్టింది."

"అదేటమ్మా! అడగడానికే కదా ఇన్నాళ్లూ కాసుకున్నాది?"

"ఆడు తీసేడని దానికి ముందే తెలుసురా. తియ్యలేదని నమ్మితే మూటెందుకు కడతాది? ఊరందరితోటీ దెబ్బలాడీది."

"మరి తిరిగొచ్చి సెప్పమని ఎందుకన్నాది?"

"తిరిగి రావాలి కదరా, అందుకు."

చంద్రమౌళి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు కొట్టు తెరవగానే కందిపప్పుకు వచ్చిన ధనలక్ష్మి అడిగింది. "రెండో భాగం ఎలాగున్నాది మౌళీ?"

"ఏది? ఆళ్లదా, మా అమ్మదా?" అన్నాడు చంద్రమౌళి. పప్పు సగం పోసి, కాటా మీద చెయ్యి ఆపేశాడు.