పటేల్ సాబ్ మేనల్లుడు, మా కెమిస్ట్రీ ప్రాక్టికల్స్

ఆ రోజుల్లో యూనివర్సిటీ అనేది మా నిజామాబాద్‌కు రైల్లో వచ్చేది. ప్రశ్నపత్రాలు సీలు వేసిన పెట్టెల్లో, ఎగ్జామినర్లు పక్కబట్టలు చుట్టిన హోల్డాళ్లతో, అన్నీ హైదరాబాద్ బండిలోనే దిగేవి. సిఫారసులు మాత్రం ఎక్కడి నుంచో రావాల్సిన అవసరం లేకుండా మా జిల్లాలోనే, బోధన్ చెరుకుతో పాటే ఏపుగా పండేవి. సమితి ప్రెసిడెంట్లు, వాళ్ల బావమరుదులు, రేపో మాపో సెనేట్ మెంబరు అవుతామని చెప్పుకునే వాళ్లు, అందరికీ చదువంటే అపారమైన గౌరవం ఉండేది. అందుకే దాన్ని ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదిలిపెట్టేవారు కాదు. (ఇప్పుడు మాత్రం వదిలిపెట్టారా అని మీరు అడుగుతారు. నేను పాత కథ చెప్పడానికి కూర్చున్నాను, నన్ను తగాదాలోకి లాగకండి.)

అరవైల చివర్లో నేను హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ముగించుకుని, మా ఊరి కాలేజీలోనే కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరాను. టెంపరరీ ఉద్యోగం. ప్రతి జూన్‌లో కాలేజీ కమిటీ కూర్చుని నన్ను ఉంచాలా, పంపాలా అని తేల్చేది. ఇరవై నాలుగేళ్ల ఆడపిల్ల లెక్చరరవడం మా బంధువర్గంలో అదే మొదలు. మా బాపు కంఠేశ్వర్‌లోని మా కిరాయి ఇంటికి నా పేరు, డిగ్రీలు చెక్కించిన బోర్డు ఒకటి తగిలించాడు. అది తలుపు కంటే రెండు వేళ్లు వెడల్పు ఉండేది. అటు నందిపేటలో మా మేనత్త, ఈ ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందా, నన్ను తన కొడుక్కు చేసుకుని పసుపు ఉడకబెట్టే పనిలో ఎప్పుడు దింపుదామా అని కాచుకుని కూర్చుంది. బావ మంచివాడే. కానీ జీవితాంతం పసుపు కొమ్ములతో గడపాలనే కోరిక నాకు లేదు. కాబట్టి జూన్ అంటే నాకు గుండె దడ.

ఆ కమిటీకి ప్రెసిడెంటు చక్కెర పటేల్. అసలు పేరు వేరే, కానీ చెరుకు రైతులకు నాయకుడు కావడంతో జిల్లా అంతా ఆయన్ని అలాగే పిలిచేది. ఖద్దరు ధోవతి, చెవులు చిల్లులు పడే గొంతు, కోపం వచ్చినా ప్రేమ వచ్చినా వీపు మీద ఒకటే చరుపు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వాళ్లతో ఆయనకు ఎప్పుడూ ఒకటే పోరు. రైతులు తెచ్చిన చెరుకు రసాన్ని ఫ్యాక్టరీ ల్యాబులో పరీక్ష చేసి, చక్కెర శాతం తక్కువ వచ్చిందనేవారు. "మా సెరుకుల తీపి లేదని సీసాలు సూపెట్టి అంటరు! ఆ సీసాల ఏమున్నదో మనకెట్ల తెలుస్తది? మనోడొకడు ఆ ల్యాబుల ఉండాలె" అని ప్రతి సభలోనూ అరిచేవాడు. ఆ మనోడు ఎవరన్నది కూడా ఆయన తేల్చేసుకున్నాడు. సొంత మేనల్లుడు. ఆ కుర్రాడు మా కాలేజీలో బీఎస్సీ చివరి సంవత్సరం. నెమ్మదస్తుడు, నవ్వుమొహం. ల్యాబులో బర్నర్ వెలిగించమంటే అగ్గిపెట్టె కోసం వెళ్లి మర్నాడు వచ్చే రకం.

మార్చి వచ్చింది. ప్రాక్టికల్ పరీక్షలకు రెండు సంతకాలు కావాలి. కాలేజీ తరఫున ఒక ఎగ్జామినర్, యూనివర్సిటీ పంపిన ఒక ఎగ్జామినర్. మా శాఖాధిపతికి ప్రతి మార్చిలో బీపీ పెరిగేది. ఆ ఏడు పటేల్ మేనల్లుడి హాల్‌టికెట్ చూడగానే అది ఎన్నడూ లేనంతగా పెరిగి, ఆయన్ని సెలవు మీద పంపింది. ప్రిన్సిపాల్ గారికి సరిగ్గా అదే రోజు హైదరాబాద్‌లో పని పడింది. అలా ఒక్కొక్కరే తప్పుకోగా, కాలేజీ తరఫున ఎగ్జామినర్‌గా మిగిలింది నేను.

యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎగ్జామినరు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరో పిలుస్తున్నట్టు వెనక్కి తిరిగి చూసే మనిషి. బండి దిగేటప్పుడు బాగానే ఉన్నాడు. మధ్యాహ్నం పటేల్ సాబ్ ఆయన్ని భోజనానికి తీసుకుపోయాడు. తిరిగి వచ్చాక ఆయన గొంతు సగానికి తగ్గిపోయింది. "అమ్మా, మనమిద్దరం నౌకరీ చేసుకునే చిన్న మనుషులం. ఆయనకు మినిస్టర్ సాబ్ దోస్తట. జర సమజ్ చేసుకో" అన్నాడు. నాకు మాత్రం మా ప్రొఫెసర్ గుర్తొచ్చాడు. ఎమ్మెస్సీలో చేరిన మొదటి రోజు మా ప్రొఫెసర్ నా బీఎస్సీ మార్కులు చూసి, "నిజామాబాదా? అయితే వీటిలో నీవి ఎన్ని, మీ నాన్న తెచ్చినవి ఎన్ని?" అని క్లాసంతటి ముందూ అడిగాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మా బాపు నాకు తెచ్చిపెట్టింది కిరసనాయిలు, కాగితాలు, అంతే.

ఆ సాయంత్రం నేను పరీక్షకు సీసాలు సర్దుతున్నాను. ఒక్కో విద్యార్థికి పేరు రాయని తెల్లటి పొడి ఒకటి ఇస్తాం, అదేమిటో పరీక్షలు చేసి కనుక్కోవాలి. హాల్‌టికెట్ నంబర్ల వరుసలో ముందు రోజే సీసాలు పెట్టడం మా కాలేజీ ఆనవాయితీ. అప్పుడు వచ్చాడు మా ఆఫీసు సూపరింటెండెంటు. పటేల్ సాబ్ తుమ్మితే ఈయన రుమాలు తీసేవాడు, అందుకే మేమంతా ఆయన్ని జీ హుజూర్ అనేవాళ్లం. ల్యాబు కంపు పడదని ఏళ్ల తరబడి అటువైపు రాని మనిషి ఆ రోజు ముక్కుకు గుడ్డ కట్టుకుని మరీ వచ్చి, "మంచిగ సర్దినవు మేడం, శానా మంచిగ" అంటూ వరుసంతా తిరిగి, ఒక సీసా దగ్గర మాత్రం ఆగి దాని మీది గుర్తును నా బల్ల మీది జాబితాతో సరిచూసుకుని, వెళ్లిపోయాడు. ఆ సీసాలో ఉన్నది బెంజోయిక్ ఆమ్లం. ఆ చోటు ఎవరిదో నేను వేరే చెప్పాలా?

మర్నాడు పొద్దున్నే వచ్చి సీసాలన్నీ తీసి ఒక బుట్టలో వేశాను. వాటికి కొత్త గుర్తులు వేసి, గుడ్డ కప్పి, ఎవరి చేతికి వచ్చింది వాళ్లదేనని విద్యార్థులకు చెప్పాను. యూనివర్సిటీ ఆయన అభ్యంతరం చెప్పబోయి, ఎందుకు చెప్పాలో చెప్పలేక ఊరుకున్నాడు. పటేల్ మేనల్లుడు చిరునవ్వుతో వచ్చి బుట్టలో చెయ్యి పెట్టాడు. బయటికి వచ్చిన సీసా చూసి నా ప్రాణం ఉసూరుమంది. అది చక్కెర! పొడి చేసిన మామూలు చక్కెర. అంతకంటే తేలిక శాంపిల్ ఆ బుట్టలో లేదు. బోధన్‌లో పుట్టి, చెరుకు తోటల్లో ఆడి, బెల్లం పాకం వాసనలో పెరిగిన వాడికి చక్కెర! వీడు పాసైపోతాడు, యోగ్యంగా పాసైపోతాడు, నా ధర్మయుద్ధం బుట్టదాఖలు అని దిగులు పడ్డాను. (ఎగ్జామినర్ దిగులు పడవలసిన విషయం కాదని నాకు తెలుసు. వయసు అలాంటిది.)

కానీ నేను ఆ కుర్రాడి భక్తిని తక్కువ అంచనా వేశాను. అతను జీ హుజూర్ మాటను మంత్రంలా నమ్మాడు. బుట్ట వచ్చినా, గుర్తులు మారినా, తన సీసాలో ఉన్నది బెంజోయిక్ ఆమ్లమే అని అతని విశ్వాసం. రాత్రంతా కూర్చుని బట్టీ పట్టినదంతా రాయడం మొదలుపెట్టాడు. పొడిని చన్నీళ్లలో వేశాడు. అది చూస్తుండగానే కరిగిపోయింది. "చన్నీళ్లలో కరుగదు" అని రాసుకున్నాడు. టెస్ట్‌ట్యూబులో వేసి వేడి చేశాడు. పొడి కరిగి, ఎర్రబడి, నల్లగా మాడింది. ల్యాబంతా బెల్లం గానుగ దగ్గర నిలబడ్డంత కమ్మటి వాసన. పక్క బల్లల వాళ్లు ముక్కులెగరేసి, ఒకరినొకరు చూసుకుని నవ్వు ఆపుకుంటున్నారు. అతను "ఘాటైన పొగ వచ్చును, దగ్గు వచ్చును" అని రాశాడు. రాసి ఊరుకోలేదు. మనస్ఫూర్తిగా, నా వైపు చూస్తూ, రెండుసార్లు దగ్గాడు కూడా.

పరీక్ష అయ్యాక యూనివర్సిటీ ఆయన ఆ పేపరు చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బతికించు తల్లీ. పాసు మార్కులేసి ఇద్దరం సంతకం చేద్దాం. ఆయన ప్రిన్సిపాల్ గదిల కూసున్నడు" అన్నాడు. "నేను చెయ్య సార్" అన్నాను. "నీ నౌకరీ?" అన్నాడు.  మా మేనత్త, ఉడుకుతున్న పసుపు, తలుపు కంటే వెడల్పైన ఆ బోర్డు కళ్ల ముందు తిరిగాయి. భయం వేసింది, నిజం. భయం వేస్తే నాకు కోపం కూడా వస్తుంది, అదీ నిజం. పేపరు ఒక చేత్తో, ఇంకా వెచ్చగా ఉన్న టెస్ట్‌ట్యూబు ఇంకో చేత్తో పట్టుకుని నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి నడిచాను. యూనివర్సిటీ ఆయన వెనకే "అరే అమ్మా, అరే అమ్మా" అంటూ వచ్చాడు.

పటేల్ సాబ్ కుర్చీలో నిండుగా కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పక్కనే జీ హుజూర్, తలుపు దగ్గర మేనల్లుడు. "రా బిడ్డా! అయిపోయిందా? మావోడు మంచిగ రాసిండా?" అన్నాడు.

"మీరే జెప్పుండ్రి పటేల్ సాబ్. గిదేందో జర వాసన సూడుండ్రి" అని టెస్ట్‌ట్యూబు ఆయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. ముఖం విచ్చుకుంది. "గిదేంది, పాకం మాడిన వాసన! సక్కెర గదా బిడ్డా?"

"అవును, సక్కెరే. మీ అల్లుడు దీన్ని బెంజోయిక్ ఆమ్లం అని రాసిండు. నీళ్లల్ల కరుగదన్నడు. ఘాటు వాసన, దగ్గొస్తదన్నడు."

 పటేల్ సాబ్ మెల్లగా మేనల్లుడి వైపు తిరిగాడు. "ఏందిరా? సక్కెర నీళ్లల్ల కరుగదా? పొద్దుగాల సాయ్ తాగలేదా నువ్వు?"

పాపం ఆ కుర్రాడు ఏడుపు మొహం పెట్టాడు. "వాసన నాకు గూడ అట్లనే వచ్చింది మామా. గని సూపరింటెండెంట్ సారు బెంజోయిక్ అని ముందుగాలనే చెప్పిండు గదా! పెద్దమనిషి మాట, నా ముక్కు మాట, ఏది నమ్మాలె?"

జీ హుజూర్ రుమాలు కోసం వెతుక్కున్నాడు. ఈసారి తన కోసమే. నా నోరు ఆగలేదు. "పటేల్ సాబ్, మీ అల్లుణ్ణి ఫ్యాక్టరీ ల్యాబుల పెట్టాల్నంటున్నరు. పెట్టుండ్రి. రేపు రైతు పండించిన సెరుకు రసం ముందల పెడితె, పైనోళ్లు సక్కెర లేదన్నరంటే లేదనే రాస్తడు. కండ్ల ముందల ఉన్నా రాస్తడు. మీకు గసుంటోడు గావాల్నా?"

ఆయన టెస్ట్‌ట్యూబును మరోసారి వాసన చూశాడు, మేనల్లుణ్ణి ఎగాదిగా చూశాడు.  చివరికి చాయ్ కప్పు అవతల పెట్టి లేచాడు. లేచి వచ్చి నా వీపు మీద ఒక చరుపు చరిచాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది ప్రేమో కోపమో తెలియక యూనివర్సిటీ ఆయన గోడకు అతుక్కున్నాడు. "సున్న ఎయ్యి బిడ్డా" అన్నాడు పటేల్ సాబ్. "గుండు సున్న ఎయ్యి. ఇన్నేండ్లు ఫ్యాక్టరీతోని కొట్లాడి, ఇంటికాడ నేను పెంచింది గిసుంటోన్నా!"

"సున్న రాదు పటేల్ సాబ్. రికార్డు బుక్కు మంచిగ రాసిండు, దానికి మార్కులొస్తయి. అవి మీరు ఆపుమన్నా ఆగయి" అన్నాను. ఆయన నవ్విన నవ్వుకు వరండాలో ఉన్న విద్యార్థులు పరిగెత్తుకొచ్చారు. యూనివర్సిటీ ఆయన సంతకం పెట్టాడు. సంతకం చేశాక మొట్టమొదటిసారి వెనక్కి చూడకుండా నిటారుగా నడిచాడు.

ఆ కుర్రాడు పరీక్ష తప్పాడు. వేసవంతా పటేల్ సాబ్ అతన్ని స్వయంగా జీపులో తెచ్చి మా ల్యాబులో దింపేవాడు. ముక్కును నమ్మడం నేర్పితే చాలు, మిగతాది అతనికి త్వరగానే వచ్చింది. సప్లిమెంటరీలో తన మార్కులతోనే పాసయ్యాడు, ఫ్యాక్టరీ ల్యాబులో చేరాడు. మొదటి సీజన్‌లోనే సొంత మేనమామ చెరుకులో నీళ్లెక్కువ, చక్కెర తక్కువ అని రాశాడు. పటేల్ సాబ్ ఆ మాట జిల్లా అంతా తిట్టుకుంటూ చెప్పుకున్నాడు. ఆ తిట్లలో ఉన్న గర్వం చెవిటివాడికి కూడా వినిపించేది.

ఇక జూన్‌లో కమిటీ కూర్చుంది. నా పేరు రాగానే జీ హుజూర్, ఈ మేడంకు వినయం తక్కువని ఏదో అనబోయాడట. "ఆ బిడ్డను కదిలిస్తె, మన కాలేజిల ఇచ్చే మార్కులను రేపు ఎవడు నమ్ముతడయ్యా?" అని పటేల్ సాబ్ బల్ల గుద్దాడని ప్రిన్సిపాల్ గారు (బీపీ తగ్గిన మా శాఖాధిపతి పక్కనుండగా) చెప్పారు. మా మేనత్త ఆ శ్రావణంలోనే బావకు వేరే పిల్లను చూసింది.

తర్వాత చాలా ఏళ్లు పనిచేశాను. ప్రిన్సిపాల్‌ను కూడా అయ్యాను. చాలా ఫోన్లు వచ్చాయి, చాలా మంది చాయ్ తాగి వెళ్లారు, నా గొంతు కూడా కాలంతో పాటు మెత్తబడింది. ఇప్పుడు ఒక్కోసారి అనుకుంటాను. మాడిన టెస్ట్‌ట్యూబు పట్టుకుని, రోషంతో వణుకుతూ తలుపు తోసుకొచ్చే ఆ పిల్ల ఇవాళ నా ముందు ఇంటర్వ్యూకి వచ్చి కూర్చుంటే నేనేం చేస్తాను? నిజం చెప్పాలంటే కొంచెం భయపడతాను. తర్వాత ఉద్యోగం ఇస్తాను. పర్మనెంటుగా.