ఒట్టి మగ్గం కింద గుడ్లు

"మగ్గం చప్పుడు ఆపొద్దు మే" అన్నాడు మా ఆయన, చంకలో బట్టల మూటతో గడపలో నిలబడి.

"గుడ్లు చచ్చిపోతాయయ్యా."

"చస్తే చావనీ. వీధిలో మానం నిలిస్తే చాలు."

"మానాన్ని పొదిగితే పిల్లలు లేస్తాయా?"

ఆయన మూట సర్దుకుని గడప దిగాడు. తిరుత్తణి స్టేషను దాకా నడిచిపోయి మద్రాసు రైలెక్కాడు. మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలవి. ముందు వాటినే రాయి పాపా. తర్వాతైతే నాకు నోరు రాదు. నువ్వు నా అన్న కూతురివి కాబట్టి చెబుతున్నాను, ఇంకొకరైతే ఇదీ చెప్పను.

మాది నేతవాళ్ళ వీధి. అది యుద్ధం కాలం, నూలు దొరకడం మానేసింది. మగ్గం మీదున్న పడుగు నూలు నేసి కోసేశాక మా మగ్గం ఒట్టిదైంది. తిరువళ్ళూరు పక్కన ఎవరో దొర తోటకు చీర ఇవ్వడానికి వెళ్ళినప్పుడు మా ఆయన అక్కడొక గుడ్ల పెట్టె చూసి వచ్చాడు. కోడి లేకుండా దీపం వేడికే పిల్లలు లేస్తాయట. దాన్ని ఇంక్యుబేటరు అంటారని ఆ పేరు నాలుగుసార్లు పలికి చూపించాడు. నూలు దాచే చెక్కపెట్టెకు అడుగున రేకు కొట్టి, కింద కిరసనాయిలు బుడ్డి నిలిపి, లోపల పొట్టు పరిచి తనే ఒకటి తయారు చేశాడు. ఆయన చేతులు మంచివి.

ఆ పెట్టెను మగ్గం గుంటలో పెట్టాము. నేతగాడు కాళ్ళు దించుకుని కూర్చునే గుంట అది. పోగు తెగకుండా అందులో ఎప్పుడూ చెమ్మ ఉంచుతాం. గుడ్లకూ చెమ్మ కావాలి. మాది ఒకటే గది, గుంటలో తప్ప గాలి తగలని చోటు లేదు. పైన పెడితే వచ్చినవాళ్ళ కంట పడుతుంది. పాండూరు కోత చేలల్లో బాతులు మేపేవాడి దగ్గర బాతుగుడ్లు, కోడిగుడ్లు కుండలో పొట్టు పోసి తెచ్చాడు. పిల్లలు లేస్తే ఆ బాతులాయనే కొంటానన్నాడు. మా ఆయన ఇల్లు విడిచి మిల్లు కూలికి పోకుండా ఆపేది ఆ పెట్టె ఒక్కటే. మిల్లుకు పోవడమంటే మా వీధిలో మగ్గానికి పాడె కట్టినట్టే.

గుడ్డును రెప్ప మీద పెట్టుకుని వేడి చూసేదాన్ని. నిద్రపోయే బిడ్డ నుదురులా ఉండాలి. నాకు బిడ్డలు లేరు, అయినా ఆ వేడి ఎంతో నాకు తెలిసేది.

అయితే చప్పుడు లేని మగ్గం ఉన్న ఇంటిని వీధి ఎలా చూస్తుందో ఆయనకు తెలుసు. రోజూ పొద్దున్నే గుంట అంచున బాసిపట్టు వేసుకుని కూర్చుని, పోగు లేని నాడెను అటూ ఇటూ విసిరి, నేత బిగించే పలకను ఒట్టినే లాగి కొట్టేవాడు. టక్ టక్ అని సాయంత్రం దాకా. ఎదురింటి అక్క నీళ్ళకు పోతూ మా వాకిట ఆగేది.

"ఏం తమ్ముడా, ఎన్నాళ్ళుగానో నేస్తా ఉండావే, అంచన్నా చూపీవా?"

"పెద్దింటి పెళ్ళిచీరక్కా. దిష్టి తగులుతాది."

"మా కండ్లు అంత పెద్దవైపోయినాయా అబ్బా!" అని నవ్వుకుంటూ పోయేది. నేను పొయ్యి దగ్గర తల వంచుకుని బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని. కొన్నిసార్లు ఆ చేటలో బియ్యం కూడా ఉండేవి కావు.

మూడు వారాలకు కోడిపిల్లలు లేవాలి. ఒక్కటీ లేవలేదు. బాతుగుడ్లకు ఇంకో వారం గడువుంది. ఆరోజు బాతులాయన చూడటానికి వచ్చాడు. కోడిగుడ్డొకటి పగలగొట్టాడు. లోపల పిల్ల తయారై, ఈకలు తడిసి, చచ్చి ఉంది. బాతుగుడ్లను దీపానికి అడ్డం పట్టి చూశాడు.

"వీటికి పెంకు మందం కదా, కొన్ని బతికే ఉండాయి. ఏమన్నా, ఈ మగ్గం రోజూ కొడతావా?"

"కొట్టకుంటే బతికేది యాడ?" అన్నాడు మా ఆయన.

"అయితే పెట్టె ఇంగో చోట పెట్టాల్సింది సామీ. గుడ్డుకు అదురు ఆగదు. పొదిగే కోడి పక్కన మేం రోలు కూడా దంచము."

నూలు లేదు, ఉత్తినే కొడుతున్నానని ఆ ఒక్క మనిషికైనా చెప్పి ఉండవచ్చు. ఆయన చెప్పలేదు. నేనూ చెప్పలేదు. బాతులాయన పోయాక బట్టలు మూట కట్టాడు. తర్వాత నూలు తెస్తానని వీధిలో చెప్పి, మిల్లుకు బయలుదేరాడు. అప్పటి మాటలే పైన రాయించాను.

ఆయన పోయాక నేను మగ్గం ముట్టలేదు. ఇంట్లో దీపం చిటపట తప్ప మరే చప్పుడూ లేదు. ఎండలో నిలబెట్టినట్టు సిగ్గుతో నా ఒళ్ళంతా మండేది. వాకిలి ఊడ్వడానికి కూడా తల మీద కొంగు లాక్కుని వెళ్ళేదాన్ని.

బాతుపిల్లలు లేచాయి. అరచేతిలో పట్టేంత పసుపు ముద్దలు. కళ్ళు తెరిచి మొదట చూసింది నన్నే కాబట్టి, నేను అటు జరిగితే అటు, ఇటు జరిగితే ఇటు. అవి అరుస్తుంటే ఎదురింటి అక్క లోపలికే వచ్చేసింది.

"ఇదేందే, మీ పెళ్ళిచీరకు నోరొచ్చింది!"

నేను ఏడ్చేశాను. ఆమె నవ్వు ఆపి నా పక్కన కూర్చుంది.

"ఒట్టి మగ్గం చప్పుడు మాకు తెలీదా మే? పడుగుంటే దెబ్బ మెత్తగా పడతాది. మీది కట్టె మీద కట్టె. వీధికంతా తెలుసు. మా మగ్గం మటుకు ఏం నడస్తా ఉండాది? తమ్ముడు పోయింది మిల్లుకే కదా. వచ్చేయమని రాయించు. ఈ మాత్రానికి ఊరిడిసి పొయ్యేదేంది?"

నాకు మాత్రం తెలియదా పాపా, పుట్టింది మొదలు ఆ చప్పుడు విన్నదాన్ని. ఆయనకూ తెలిసే ఉంటుంది. ఎవరూ నమ్మని చప్పుడు కోసం ఆ కోడిపిల్లలు గుడ్డులోనే పోయాయి.

రాయించు అంది అక్క. మా వీధిలో రాయడం వచ్చినవాడు ఒక్కడే. అతని అరుగు మీద, నలుగురు వింటుండగా చెప్పి రాయించాలి. నా మొగుడు మిల్లుకు పోయాడు, మా మగ్గం ఒట్టిది అని నా నోటితో అనాలి. అందరికీ తెలిసిన మాటే. అయినా అనలేకపోయాను. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకున్నాను. బాతుపిల్లలు పెరిగితే అమ్మి, నేనే మద్రాసు పోయి చెబుదాం అనుకున్నాను. పిల్లలకు ముక్కు గట్టిపడుతుండగానే కబురొచ్చింది. వాంతిభేది. శవాన్ని తోటి కూలీలే కాల్చేశారట.

పదోనాడు ఆడవాళ్ళు నాకు పూలు పెట్టి, పసుపు రాసి, గాజులు పగలగొట్టడానికి ఏటికి నడిపించుకు పోయారు. తడిక ఎలా తోసుకున్నాయో, బాతుపిల్లలు బయటపడి బారుగా నా వెనకే వచ్చాయి. కీచుకీచుమంటూ వీధి పొడుగునా. ఎవరో తోలితే చెదిరి, మళ్ళీ నా పాదాల దగ్గరికే.

"బిడ్డల్లేరన్నారే, బలగం బాగానే ఉండాదే" అని వెనక నుంచి ఒక గొంతు. ఇంకెవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఎదురింటి అక్క వాళ్ళను కసిరింది. ఏరు చేరేదాకా నేను తల ఎత్తలేదు.

ఏటిలో గాజు ముక్కలు పడుతుంటే బాతుపిల్లలు వాటి మీదుగానే ఈదాయి. ఆడవాళ్ళు నా ముఖంలోకి చూస్తున్నారు, ఏడుస్తానని. నేను పిల్లలను తన్నుకుపోయే గద్ద ఆకాశంలో తిరుగుతోందా అని చూస్తున్నాను. అది వాళ్ళు కనిపెట్టారు. ఆయన కోసం ఇంటికొచ్చాక ఏడ్చాను, కానీ అది ఎవరూ చూడలేదు. ఆ వీధికి నేనెప్పటికీ గద్దను చూసిన ముండనే.

బాతులాయన వచ్చి పిల్లలను గంపలో వేసుకుపోయాడు. గంప లోంచి కూడా నా వైపే అరిచాయి.

పాపా, అక్క అన్న మాట రాశావా? వీధికంతా తెలుసు, వచ్చేయమని. ఉత్తరంలో ఆయనకు పోవలసింది ఆ ఒక్క ముక్క. ఆనాడు అరుగు మీద చెప్పలేనిది ఇప్పుడు నీకు ఇంత పొడుగున చెప్పాను. ఏదీ, మొదటి నుంచి చదువు. వాకిలి తెరిచి ఉందని గొంతు తగ్గించొద్దు. వీధి వింటే విననీ. చదువు.