చెప్పనివాళ్ల తప్పు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఏ బిడ్డ పుట్టినా మొదట పట్టుకునేవి మా నాయనమ్మ చేతులే. నేరేడుచర్ల చుట్టుపక్కల ఆమెను మించిన మంత్రసాని లేదని పేరు. ఆ పేరు చూసుకుని నేనూ కొంచెం ఎగిరిపడేదాన్ని. కొడవలితో బొడ్డు కోయడం, కోసినచోట పిడకల బూడిద అద్దడం ఆమె వాళ్లమ్మ దగ్గర నేర్చుకుంది. రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు మా తమ్ముడు పుడితే, వాడికీ అంతే శ్రద్ధగా అద్దింది.

ఆరో రోజున వాడు పాలు తాగడం మానేశాడు. నోరు తెరవడు. ముట్టుకుంటే చాలు, ఒళ్లంతా బిగుసుకుపోతోంది. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. మర్నాడు నాయనమ్మతో కలిసి ఎడ్లబండిలో మిర్యాలగూడ వైపు ఒక చిన్న దవాఖానకు బయలుదేరాం. బండి గుంతలో పడ్డప్పుడల్లా వాడు విల్లులా వంగిపోయేవాడు. నాకు ఎనిమిదేళ్లు. బండి ఆపమని ఏడవడం తప్ప ఏమీ చేతకాలేదు. ఆపితే దవాఖాన రాదు కదా.

అక్కడ పెద్ద నర్సమ్మ ఉండేది, కృష్ణ అవతలి నుంచి వచ్చిన మనిషి. డాక్టరు చూసి, ధనుర్వాతమని తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాక, ఆమె కిటికీలు మూయించి, వెలుగూ చప్పుడూ తగలకుండా వాడి దగ్గరే కూర్చుంది. అంతకు మించి చేయడానికి ఆమె దగ్గరా ఏమీ లేదు. పొద్దు వాలేసరికి తమ్ముడు పోయాడు.

వరండాలో, బొడ్డు కోసిన తీరు విన్న ఒక కొత్త నర్సు ఉండబట్టలేక నాయనమ్మతో, "కొడవలితోని కోసి బూడిద పెడ్తవా? నువ్వే సంపుకున్నవ్ గద ముసల్దానా!" అనేసింది. నాకు ఆ నర్సు చెయ్యి కొరకాలనిపించింది. పెద్ద నర్సమ్మ బయటికొచ్చి కొత్తామెను ఏమీ అనలేదు. సబ్బు, నీళ్లు తెమ్మని, తాను నాయనమ్మ పక్కన నేల మీద కూర్చుంది.

"కత్తి ఉడకబెట్టాలని, బూడిద పెట్టకూడదని నీకు ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా అవ్వా?"

"మా అసోంటోళ్లకు ఎవ్వలు జెప్తరు బిడ్డా?"

"అయితే తప్పు చెప్పని మాది," అంది ఆమె, కొత్త నర్సు వైపు తిరిగి. "ఇవాళ్టి నుంచి అవ్వకు నేర్పేది నువ్వే. చేతులు కడగడంతో మొదలుపెట్టు."

కొత్తామె కళ్లనీళ్లతోనే చెంబు వంచింది. నాయనమ్మ తన చేతులను కాసేపు చూసుకుని, "ఇంతకు ముందు గిట్లనే పోయిన పిల్లలు గూడ, నా చేతులతోనేనా?" అని అడిగింది.

పెద్ద నర్సమ్మ కాదని అబద్ధమాడలేదు. అవునని కూడా అనలేకపోయింది. ఆ తడి చేతులు పట్టుకుని కూర్చుంది.

నాయనమ్మ అన్నీ నేర్చుకుంది. ఆ తర్వాత ఆమె చేతుల మీద పుట్టిన ఏ బిడ్డా అలా పోలేదు. అయినా వెనక పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల గుమ్మాల ముందు నడవలేక, చుట్టు తిరిగి పోయేది.

నేనూ నర్సునై, కొన్నాళ్లకు వార్డుకు పెద్దనయ్యాను. నా కింద పనిచేసే పిల్ల తప్పు చేసి నిలబడితే నాకు కోపం నాలుక చివరిదాకా వచ్చేది. ఆ పని ఈ పిల్లకు నేను నేర్పానా అని ముందు చూసుకునేదాన్ని. చాలాసార్లు నేర్పి ఉండేదాన్ని కాదు. అప్పుడు పక్కన కూర్చునేదాన్ని. ఎందరికి నేర్పినా, ఇంత వయసొచ్చినా, నాయనమ్మ ఆరోజు తన చేతుల గురించి అడిగినదానికి ఏం చెప్పాలో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.