దాలయ్య గారి పనసచెక్క స్పీకర్లు

గత నెల విజయనగరంలో నా సహోద్యోగి ఒకాయన కొత్త ఫ్లాటులో హోమ్ థియేటరు పెట్టించుకుని నలుగురైదుగురిని కాఫీకి పిలిచాడు. టీవీకి అటూ ఇటూ రెండు, కింద మధ్యలో ఒకటి, సోఫాకు చెరో పక్కన ఒకటి. జానెడు ఎత్తున్న తేనెరంగు చెక్క పెట్టెలు. ఏదో సినిమా పెట్టాడు. తెర మీద ఒకావిడ కొడుకును మందలిస్తోంది. రెండు మాటలు వినేసరికి నాకు తెలిసిపోయింది. ఆవిడ గొంతు చుట్టూ సన్నగా ఒక మూలుగు ఉంది, పడిశం పట్టిన మనిషి ముక్కుతో మాట్లాడినట్టు. మిగిలినవాళ్లు బ్రహ్మాండం అన్నారు. నేను మాత్రం, "మనిషితో పాటు పెట్టె కూడా మాట్లాడుతోందండీ. వీలైతే తిరిగి ఇచ్చేయండి" అన్నాను. ఆయన మొహం మాడిపోయింది. కాఫీ వచ్చింది గానీ నా గ్లాసులో పంచదార వేయడం మరిచారు.

ఆ మూలుగును పోల్చుకోవడం నాకు నేర్పినవారు బొబ్బిలిలో స్పీకర్లు అమ్మిన దాలయ్య గారు. ఆయన పోయి రెండేళ్లయింది. నేను హేతువాదిని. తాయెత్తుల మీద, వాస్తు మీద, బాబాల మీద సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి, పత్రికల్లో నిప్పులు కక్కినవాణ్ణి. గురువులెవరని అడిగితే పెద్ద పెద్ద పేర్లు చెప్పడం అలవాటు. అందులో సగం డంబం. రుజువు అంటే ఏమిటో, దానికి ఎంత ఓపిక కావాలో నాకు చూపించింది ఏడో తరగతితో చదువు ఆపేసిన ఈ మనిషి. ఆ మనిషికి నేనేమి చేశానో కూడా చెప్పవలసి ఉంది కనుకే ఇది రాస్తున్నాను.

అప్పట్లో నేను బొబ్బిలి కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పేవాణ్ణి. అద్దె ఇంటి ముందు గదిలో చిన్న హోమ్ థియేటరు పెట్టుకోవాలని సరదా పుట్టింది. నెల జీతంలో సగం దాటకూడదన్నది నా లెక్క. వెయ్యి వాట్లు, అయిదు స్పీకర్లు, అన్నీ ఒకే అట్టపెట్టెలో అని వేసిన ప్రకటన కాగితం పట్టుకుని ఆయన దుకాణానికి వెళ్లాను. ఆయన కాగితం వైపు చూడనైనా లేదు. "వాట్లు యింతారా బాబూ, మాటలు యింతారా?" అన్నారు.

దుకాణం మధ్య ఒక తీగ, తీగ మీద ఉతికిన పాత తెల్ల పంచె. పంచె వెనుక మూడు రకాల స్పీకర్లు. కొనడానికి వచ్చినవాడు ఎవరైనా సరే, పేరు చూడకుండా, సైజు చూడకుండా, ధర అడగకుండా ముందు వినాలి. అది ఆయన కట్టడి. వినిపించే ముందు చేతిలో చిన్న మీటరు పట్టుకుని మూడింటి మోతనూ సమానం చేశారు. ఎందుకని అడిగాను. "గట్టిగా మోగిందే మంచిదనుకుంటాది సెవి. దాని బుద్ధి అంతే. ముందు ఆ ఎర తీసీయాల."

పాటలు వేస్తారనుకున్నాను. వేయలేదు. దుకాణంలో బిల్లులు రాసే ఆయన కూతురు పైడమ్మను పిలిచి కరెంటు బిల్లు వెనుక ఉన్న నిబంధనలు చదవమన్నారు. ఆమె నా ఎదుట నిలబడి గడువులోగా చెల్లించని యెడల అంటూ నాలుగు వరుసలు చదివింది. తరువాత అదే గొంతు, అవే వరుసలు, ముందే రికార్డు చేసి ఉంచినవి, పంచె వెనుక నుంచి మూడుసార్లు వినిపించారు. "మనిషిని యిన్నారు కదా. ఇప్పుడు మనిషి నాగ ఏది ఉన్నాదో సెప్పండి." మూడోది అన్నాను, ఖాయంగా అదే పెద్ద కంపెనీది అయి ఉంటుందన్న ధీమాతో. పంచె తొలగించారు. పెద్ద కంపెనీది మొదటిది. మూడోది అన్నిటికన్నా చిన్నది, పేరు కూడా లేనిది. పైడమ్మ నవ్వు ఆపుకోలేదు. "మాస్టారు మైకు ముందు బాగానే మాటాడతారు. మైకు యెనకేటుందో ఆరికి తెల్దు."

నిరూపించమని దేవుడినే నిలదీసిన నేను నా చెవిని ఒక్కనాడూ నిలదీయలేదని ఆ పూట తెలిసింది. ఆయన నాకు అయిదూ అమ్మలేదు. డబ్బును అయిదు ముక్కలు చేయవద్దన్నారు. సినిమాలో ముప్పాతిక మాటలే, మాటలు వచ్చేది మధ్య స్పీకరు నుంచి. ముందు మూడింటికీ ఖర్చు పెట్టి, పక్కనుంచి వచ్చే వాన చప్పుడుకీ బండి చప్పుడుకీ అరచేతంత పెట్టెలు చాలునన్నారు. చిన్న పెట్టె డప్పుమోత పలకలేదు కాబట్టి ఆ పనికి ఒక బేసు పెట్టె విడిగా తీసుకోవాలి; అది వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. "ముందు గోడకి బొంత కట్టండి. మీ గది సిమెంటు డబ్బా. ఏది ఎట్టినా నూతిలో మాటాడినట్టుంటాది." సరుకు అమ్మేవాడు బొంత కట్టుకోమనడం నేను వినడం అదే మొదలు.

ఆ తరువాత ఏడెనిమిదేళ్లు సెలవురోజుల్లో ఆయన వెంట తిరిగాను. నరసన్నపేటలో ఒక బట్టల వర్తకుడి ఇంటికి వెళ్లిన రోజు బాగా గుర్తు. బేసు పెట్టె ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఆయనకొక పద్ధతి ఉంది. ఆ పెట్టెను మనిషి కూర్చునే సోఫా మీద పెట్టి మోగిస్తారు. ఇంటాయన గోడ వారగా మోకాళ్ల మీద పాకుతూ చెవి పెట్టి వినాలి. మోత ఎక్కడ చదునుగా, ఒద్దికగా వినబడితే అక్కడ పెట్టె, సోఫాలో మనిషి. షావుకారు గారు పట్టుపంచె ఎగగట్టి, బొజ్జతో ఆయాసపడుతూ గది చుట్టూ పాకారు. చివరికి ఒక మూల ఆగి, "ఇక్కడండీ, ఇక్కడ బాగున్నాది" అన్నారు. అది ఈశాన్యం.

లేచి నిలబడి చేతులు దులుపుకున్నారు. "ఇక్కడ బరువెట్టకూడదని సిద్ధాంతిగారు సెప్పారు."

"సిద్ధాంతిగారు యినలేదు కదా బాబూ. మీరు యిన్నారు."

"యిన్నాను. బాగానే ఉన్నాది. అయినా ఆ మూలకి ఎట్టీసీ."

ఎదుటి మూల పెట్టారు. అక్కడ మోత ఉరుములా గదంతా కమ్మేసింది. తిరుగు బస్సులో నేను ఉడికిపోయాను. "చెవితో విన్న నిజాన్ని తనే కాలదన్నుకున్నాడు, మీరు ఒక్క మాట అనలేదేమిటి?" అన్నాను. దాలయ్య గారు కిటికీ బయట వరి మళ్లు చూస్తూ కూర్చున్నారు. "యినకుండా కాదన్నోడి కన్నా నయవే కదా. ఇకనించి సినిమా సూసినప్పుడల్లా ఆడికి తెలుస్తాది." నేను ఇంటికి వచ్చి ఆ షావుకారు మీద వ్యాసం రాశాను. విన్నదాన్ని కాదనేవాడు చెవిటివాడి కన్నా హీనుడన్నాను. బాగా రాశావని చాలామంది మెచ్చుకున్నారు. ఆ వాక్యం ఇప్పుడు చదవలేను.

ఆయనది వీణలు చెక్కే ఇల్లు. తండ్రి, తాత పనసదుంగను తొలిచి నాదం పలికే వీణ కుండలు చేసినవాళ్లు. దాలయ్య గారు ఉలి వదిలి స్పీకర్ల వైపు వచ్చారు. ఊరిలో అందరికీ ఒక ఊహ: ఇంత గొప్ప పనసచెక్క మనకుండగా, దానితో స్పీకరు పెట్టెలు చేస్తే ఎంత కమ్మగా ఉంటుందో అని. అడిగినవాళ్లందరికీ ఆయన ఒకే జవాబు చెప్పేవారు. "వీణ కుండ పాడాల. స్పీకరు పెట్టె నోరు మూసుకోవాల. పనస నోరు మూసుకునే సెక్క కాదు."

మరి అదే మనిషి చివరికి పనస పెట్టెలు చేశారు. ఎందుకు చేశారన్నది నాకు తెలుసు. ఫోనులో చూసి కొనుక్కునే కాలం వచ్చి దుకాణానికి వచ్చి వినేవాడు లేకుండా పోయాడు. వీణలకూ గిరాకీ పడిపోయింది. ఆయన అక్క కొడుకు సింహాచలం, ఇంట్లో చివరిగా ఉలి పట్టినవాడు, మేనమామ దగ్గరకు వచ్చి చిన్న స్పీకర్లు చేద్దామన్నాడు. దాలయ్య గారు ముందు కాదన్నారు. తరువాత లోపల తారు పూసి, కొబ్బరిపీచు కూరితే పనస ఊరుకుంటుందేమోనని ఆశపడ్డారు. తండ్రి చెక్క, తన విద్య ఒక్కచోట కలిస్తే చూడాలని ముసలితనంలో ఆయనకు పుట్టిన ఆశ అది. మామా అల్లుళ్లు ఒక జత చేశారు. కానీ అప్పటికి దాలయ్య గారి చెవులు పోయాయి. లావు మోతలు వినబడతాయి, సన్ననివి వినబడవు. అందుకని నాకు కబురు చేశారు.

వెళ్లేసరికి పంచె కట్టి ఉంది. వెనుక రెండు జతలు: ఒకటి రంపపు పొట్టు అదిమి చేసిన బజారు పొట్టుచెక్కది, ఒకటి పనసది. లోపలి సరంజామా ఒకటే. సింహాచలం తీగ దగ్గర నిలబడ్డాడు. "యినండి బాబూ," అన్నారు దాలయ్య గారు. "ఇంటికాడ ఉన్న దుంగంతా ఏళ్ల తరబడి ఆరింది. వీణ కోసం మా అయ్య కాలం నించీ దాసుకున్నాం. మీరు బాగుందంటే కోసీస్తాం. కాదంటే ముట్టుకోం, ఈడు వీణలే సేసుకుంటాడు. నాకు పైమోత యినబడ్డం మానీసింది. మీ సెవే నా సెవి."

పైడమ్మ ఎదుట నిలబడి కరెంటు బిల్లు చదివింది. తరువాత పంచె వెనుక నుంచి మొదటిది. పైడమ్మ గొంతే. తరువాత రెండోది. గొంతు చుట్టూ సన్నని మూలుగు. అది పనసదని పోల్చుకోవడానికి క్షణం కూడా పట్టలేదు నాకు. దాలయ్య గారు నా మొహం వైపే చూస్తున్నారు, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పరీక్షకు కూర్చున్నట్టుగా. "రెండోది" అన్నాను.

"నిజవేనా బాబూ?"

"నిజమే. చాలా బాగుంది."

జాలి అనుకోండి, ప్రేమ అనుకోండి, మొహమాటం అనుకోండి. తాయెత్తు కట్టేవాడు కూడా ఇవే కారణాలు చెబుతాడు.

దుంగలన్నీ కోసేశారు. ముప్పై జతలు చేశారు. మొదట కొన్నవాళ్లు అందానికి మురిసిపోయారు. సినిమా చూశాక ఒక్కొక్కరే తెచ్చి ఇచ్చేశారు. మాటలు ముక్కుతో వస్తున్నాయన్నారు. వీణ చేయడానికి ఇంట్లో చెక్క మిగలలేదు. మళ్లీ దుంగ కొని ఆరబెట్టి కూర్చునే ఓపిక ఎవరికుంది? సింహాచలం ఉలి అటకెక్కించి ఎచ్చెర్ల దగ్గర ఒక కంపెనీ గేటులో కాపలా ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

నేను ఆయనను చూడడానికి వెళ్లాను. నిజం చెప్పేద్దామనే వెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నారు. కోపం లేదు. "ఆ రోజు మీకు యినబడలేదా బాబూ, ఆ ముక్కుమాట?" అని అడిగారు. నిజం చెప్పడానికి తలుపు తెరిచి పెట్టినట్టే కదా. నేను, "లేదండీ" అన్నాను. ఆయన నా వైపు తిరిగారు. "అయితే మీ సెవులూ పోతన్నాయి. అశ్రద్ధ సెయ్యకండి, బేగి డాట్రుకి సూపించుకోండి." ఆయన నమ్మి అన్నారో, తెలిసి అన్నారో నాకు ఈ రోజుకూ తెలియదు.

ఆయన పోయాక సంతాపసభ పెట్టాం. నేను ముప్పావుగంట మాట్లాడాను. పంచె గురించి, మీటరు గురించి, షావుకారు పాకడం గురించి. నా అబద్ధం గురించి మాట రాలేదు. సభ అయ్యాక పైడమ్మ ఒక్కతే కుర్చీలు సర్దుతుంటే దగ్గరకు వెళ్లి చెప్పాను. ఆమె చేతిలోని కుర్చీ మడిచి గోడకు చేరేసింది. "ఇప్పుడు నాకు సెప్పి ఏటి నాభం మాస్టారూ? పోనోడు పోనాడు. మా బావకి సెప్పండి. గేటు కాడ ఉంటన్నాడు."

చెప్పడానికి నాకు ఆరు నెలలు పట్టింది. ఎచ్చెర్లలో బస్సు దిగి నడిచాను. సింహాచలం నీలం చొక్కాలో, లోపలికి వెళ్లే లారీల నంబర్లు రాసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, తను కూర్చున్న స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు. ఆ రోజు నాకు వినబడిందనీ, తెలిసే అబద్ధం చెప్పాననీ చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"నాకూ యినబడ్డాది మాస్టారూ," అన్నాడు. "పైడికీ యినబడ్డాది. మావయ్య మొకం సూసి మావూ వూరుకున్నాం. మీరు సదువుకున్నోరు, ఎవులకీ బయపడరు. మీరు సెప్పీస్తారులే అనుకున్నాం."

లారీ ఒకటి వచ్చి హారను కొట్టింది. అతను గేటు తీయడానికి వెళ్లాడు. జనం కళ్లెదుట కనబడేదాన్ని ఎందుకు ఒప్పుకోరో వివరిస్తూ నేను పాతికేళ్లుగా వ్యాసాలు రాస్తున్నాను. ఆ గదిలో నలుగురం ఉన్నాం. వినలేనివాడు ఒక్కడే. విన్న ముగ్గురిలో ఇద్దరు నా మీద నమ్మకంతో నోరు మూసుకున్నారు. ఆ నమ్మకాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియక ఇంకా మోస్తున్నాను.