సుద్దముక్క గుర్తు

ఆడిటర్‌కు లెక్కలు వస్తే చాలనుకునేవాళ్లను చూస్తే ఆవిడకు ఒళ్లు మంట. కూడికలు యంత్రం చేసిపెడుతుంది. ఆడిటర్‌కు కావలసింది నిచ్చెన ఎక్కే మోకాళ్లు, దుమ్ముకు జడవని ముక్కు, మేనేజర్ తెప్పించిన టీని వద్దనగలిగే మొహం. ఈ మూడూ నేర్పింది ఆఫీసులో అందరూ పెద్దాయన అని పిలిచే సీనియర్ ఆడిటర్. పంతొమ్మిదేళ్ల కిందట, చేరిన మొదటి రోజే ఆవిడ చేతిలో సుద్దముక్క పెట్టారు.

"వెనక గోడ నుంచి మొదలుపెట్టమ్మా. ముందు వరస మనకు చూపించడానికే పేరుస్తారు. చేత్తో ముట్టుకుని చూసిన పెట్టె మీదే గుర్తు పెట్టు" అన్నారు.

ఆయన గుర్తు ఒక టిక్కు, కింద చుక్క, పక్కన తేదీ. ఆవిడా అదే పెట్టేది.

ఈ ఏడు పసిపిల్లల పాలపొడి గోడౌన్ ఆవిడ వంతుకు వచ్చింది. పోయినేడు దాకా అది పెద్దాయనదే. ఈసారి ఆవిడ సంతకం పడితే సరుకంతా ఆస్పత్రులకు పోతుంది. సాయానికని వచ్చిన పెద్దాయన మేనేజర్ గదిలో ఫ్యాను కింద కూర్చుని మూడో టీ తాగుతున్నారు.

ముందు వరస కడిగిన ముత్యంలా ఉంది. వెనక గోడ దగ్గరికి వెళ్లేసరికి కుళ్లు వాసన గుప్పుమంది. పెట్టెలు తెరిస్తే ఉబ్బిపోయిన డబ్బాలు, మూతల చుట్టూ పురుగులు, ఎలుక పెంటికలు. గడువు తీరి మూడేళ్లయింది. ఛీ, ఇది పసివాళ్ల నోట్లో పోసేదా! పాపం పెద్దాయన, మోకాళ్ల నొప్పులతో ఇంత వెనక్కి రాలేకపోయి ఉంటారులే అని సర్దిచెప్పుకుంటూ పెట్టెను ఇటు తిప్పింది.

టిక్కు. కింద చుక్క. పక్కన పోయినేటి తేదీ.

వచ్చాడన్నమాట. వంగాడు, ముట్టుకున్నాడు, ఈ కంపంతా పీల్చాడు. పీల్చి, "సరుకు బాగుంది" అని రాశాడు.

ఆవిడ విసవిసా మేనేజర్ గదిలోకి వెళ్లింది. "ఆ వెనక పెట్టెలు చూసే రాశారా సార్?"

పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నాలుగు పెట్టెల కోసం ఎందుకమ్మా ఈ రాద్ధాంతం? నీకు పని నేర్పింది నేనే కదా?"

"అవును సార్. అందుకే మీ గుర్తు దొరికింది."

సంతకం పెట్టకుండా వెనక్కి వచ్చి, పాడైన పెట్టెలు లెక్కపెట్టసాగింది. మొదటి పెట్టె మీద చెయ్యి దానంతటదే టిక్కు గీసి, కింద చుక్క పెట్టేసింది. ఆవిడకు తన చేతిని చూస్తేనే రోత పుట్టింది. అరచేత్తో ఆ గుర్తు తుడిచేసింది. ఆయన గుర్తును మాత్రం చెరపకుండా, రిపోర్టు మొదటి పేజీ కోసం ఫోటో తీసింది.