వాల్వ్ కవర్ మీద నా ఇంజనీరింగు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టేంత వయసు నాకింకా రాలేదు. అయినా ఈ సంగతి తలుచుకుంటే ఆ మాటే ముందు నోటికొస్తుంది. నాలుగేళ్లు మెకానికల్ ఇంజనీరింగు చదివి, చేతికి ఒక్క చుక్క ఆయిల్ అంటకుండా పట్టా పుచ్చుకుని, ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో దిగి, అమీర్‌పేటలో సాఫ్ట్‌వేరు కోర్సు నేర్చుకుంటున్న రోజులవి. (మా బ్యాచ్‌లో సగానికి పైగా మెకానికల్ వాళ్లే. ఇంజన్ల ఊసు ఎవరూ ఎత్తేవారు కాదు, అదొక మర్యాద.) అక్కడికి రెండు సందుల అవతల మా చిన్నాయన, చిన్నమ్మ కర్రీ పాయింట్ నడిపేవారు. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి పంజాగుట్ట ఆఫీసులకు భోజనం డబ్బాలు చేరాలి. వాటిని మోసేది ఒక ముసలి వ్యాను. దాని ఇంజను డ్రైవరు సీటు కింద ఉంటుంది. సీటు ఎత్తితే గానీ కనిపించదు.

ఆ వ్యానుకు ఆయిల్ కారే జబ్బు పట్టుకుంది. ఇంజను నెత్తి మీద వాల్వ్ కవరని ఒక రేకు మూత ఉంటుంది. దాని అంచు కింద గాస్కెట్, అంటే రబ్బరు పట్టీ. అది ఎండి పగిలింది. కారిన ఆయిల్ వేడి గొట్టం మీద పడి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా సరిగ్గా చిన్నాయన కింది నుంచి పొగ లేచేది. నవ్వుకోవడానికి బాగానే ఉండేది గానీ, మర్నాడు పొద్దున ఖైరతాబాద్ ఆర్టీఓ ఆఫీసులో బండికి ఫిట్‌నెస్ పరీక్ష. గడువుకు అదే ఆఖరి రోజు. అది తప్పితే వ్యాను రోడ్డెక్కకూడదు. డబ్బాలు వేళకు అందకపోతే ఆఫీసుల వాళ్లు ఇంకొకరిని చూసుకుంటారు.

"బోరబండల మెకానిక్ ఉస్తాద్ ఉన్నడు, ఆయనకు చూపెట్టుకొస్త" అన్నాడు చిన్నాయన. ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. "ఇంట్ల ఇంజనీరును పెట్టుకొని ఉస్తాద్ ఎందుకు చిన్నాయనా? నేను చేస్త" అన్నాను. చిన్నమ్మ నన్ను ఒకసారి, వ్యానును ఒకసారి చూసి, "నీకొస్తదారా?" అంది. "జర నమ్మరాదే, పిల్లగాడు సదువుకున్నడు" అని చిన్నాయనే నా తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. ఆ నమ్మకం చూసైనా నేను వెనక్కి తగ్గాల్సింది.

ఫోనులో మూడు వీడియోలు చూశాను. (మూడూ సగం సగమే.) కవరు విప్పాను. పాత గాస్కెట్ ముక్కలు అంచుకు అంటుకుని ఉన్నాయి. గీకి శుభ్రం చేయాలని వీడియోలో రెండో సగంలో చెప్పి ఉంటారు. నేను ఆ ముక్కల మీదే కొత్త గాస్కెట్ పెట్టి, మంచికే కదా అని ట్యూబు పేస్టు మొత్తం పిండాను. ఇక బోల్టులు. ఎంత గట్టిగా బిగిస్తే అంత బాగా ఆగుతుందని నా సిద్ధాంతం. పళ్లు బిగబట్టి పానా తిప్పాను. చివరి బోల్టు దగ్గర 'టక్' మంది. బోల్టు తల విరిగి చేతిలోకి వచ్చింది.

వెనక్కి చూశాను. చిన్నమ్మ పప్పు తాలింపులో ఉంది, చిన్నాయన ఉల్లిగడ్డలు దింపుతున్నాడు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ విరిగిన తలకు పేస్టు రాసి, దాని చోటనే దాన్ని అంటించాను. చూడ్డానికి బోల్టులాగే ఉంది. రెండు నిమిషాలు ఇంజను తిప్పి చూపించాను. చుక్క కారలేదు. "మస్తుగ చేసినవ్ బిడ్డా" అని చిన్నాయన భుజం తట్టాడు.

మర్నాడు పంజాగుట్ట దాటుతుండగానే మాడు వాసన మొదలైంది. నేను చప్పుడు చేయకుండా డాష్‌బోర్డు మీది దేవుడి ముందు అగరుబత్తులు వెలిగించాను. ముందు రెండు, తర్వాత ఆరు. "గింత భక్తి ఎప్పుడొచ్చిందిరా?" అన్నాడు చిన్నాయన. ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకుంటూనే వరుసలోకి వచ్చేశాం. ముందున్న ఆటో ఆయనతో చిన్నాయన, "మా అన్న కొడుకు, ఇంజనీరు. అంత వాడే చేసిండు" అంటున్నాడు. వింటుంటే నేల చీలితే దూరిపోదామనిపించింది.

అధికారి రానే వచ్చాడు. "ఏంటయ్యా ఈ పొగ, లోపల వ్రతం చేస్తున్నారా? సీటెత్తు" అన్నాడు. ఎత్తాం. కవరు చుట్టూ ఆయిల్ మరుగుతోంది. ఆయన పెన్నుతో అలా తాకగానే బోల్టు తల ఊడి కింద పడింది. ఆయన దాన్ని తీసి, వెలుగులో తిప్పి చూశాడు. "ఎవరు చేశారిది?"

నేను అగరుబత్తుల వంక చూశాను. చిన్నాయన నా మొహం చూశాడు. ఒక్క క్షణమే.

"నేనే సార్. తెల్వక చేసిన."

పరీక్ష పోయింది. వ్యానును బోరబండకు లాగించుకుపోయాం. ఉస్తాద్ మూత తీసి, లోపల ఇరుక్కున్న బోల్టు ముక్కను ముందు బయటికి లాగాడు. తర్వాత అంచంతా అద్దంలా గీకి, కొత్త పట్టీ వేసి, నన్ను దగ్గరికి పిలిచాడు. "బోల్టులు మధ్యల నుంచి షురూ చెయ్యాలె భాయ్. ఒక్కోటి జర జర. ఆయిల్‌ని ఆపేది గీ రబ్బరు, నీ జోరు కాదు. నువ్వు పిసికితే మూతనే వంకర పోతది" అన్నాడు. మళ్లీ పరీక్షకు పిలుపు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ కోర్సు ఎగ్గొట్టి, ఆటోల్లోనూ నడిచీ డబ్బాలు మోశాను. అయినా ఒక ఆఫీసు చెయ్యి జారిపోయింది. ఐదో రోజు వ్యాను పాసయింది. చిన్నాయన తాళాలు నా చేతిలో పెట్టి, "నడుపు" అన్నాడు. అంతే. ఆ బోల్టు గురించి ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండేది, ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి.

తప్పు నాదేనని నేనూ ఇప్పటిదాకా ఆయనతో అనలేదు. సాఫ్ట్‌వేరు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, నెత్తి మీద నాలుగు తెల్ల వెంట్రుకలు కూడా వచ్చాయి, ఆ రెండు ముక్కలు మాత్రం రాలేదు. చిన్నాయనకు కళ్లజోడు పెట్టుకుని చదివే ఓపిక లేదు. నేను రాసినవన్నీ కొట్టు కట్టేశాక చిన్నమ్మే చదివి వినిపిస్తుంది. చిన్నమ్మా, 'నేనే సార్' అని ఆయన అన్నచోట జర ఆగు. ఆగి, ఆ పని చేసింది నేనేనని నా బదులు నువ్వు చెప్పు.